మీ గదికి రెండు నీలాలు

ఈ ఉత్తరం వేయడానికి చిరునామా లేదని తెలిసే రాస్తున్నాను. మీరు బర్మా యుద్ధంలో పోయారని తంతి వచ్చినా అత్త నమ్మలేదు. మీ గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడి వేసుకుంది. ఆ గది మాట ఎత్తినప్పుడల్లా "వాడొస్తే యాడ పండుకుంటాడు?" అనేది.

మొన్న చిత్తూరు ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సమ్మ మన ఇంటికి వచ్చి అద్దెకు గది అడిగింది. అత్త కొంగు ముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది.

ఈ రోజు వెల్ల వేయడానికి మునస్వామి వచ్చాడు. ఒక కుండలో సున్నానికి నీలిమందు కాస్త తక్కువగా, ఇంకో కుండలో కాస్త ఎక్కువగా కలిపి, గోడ మీద పక్కపక్కనే రెండు పట్టీలు పూశాడు. ఆరాక చూస్తే నాకు రెండూ ఒకేలా ఉన్నాయి. కిటికీ తెరిచాక మాత్రం ఎడమది కొంచెం తేటగా, కుడిది కొంచెం ముదురుగా కనబడింది. ఏది వేయించాలో తేలక అత్తను పిలిచాను.

ఆమె లోపలికి వచ్చి రెండింటినీ చాలాసేపు చూసింది.

"ఈ తేటది ఎయ్యప్పా," అంది మునస్వామితో. "మా వానికి ముదురు రంగంటే గిట్టేది కాదు."

ఇన్నాళ్లూ మీ గురించి "గిట్టదు, తినడు, ఒప్పుకోడు" అనే మాట్లాడింది ఆమె. "గిట్టేది కాదు" అనడం ఇదే మొదటిసారి. మునస్వామి ముదురు రంగు కుండ బయట పెట్టేశాడు.

అతను పని ముగించుకుని వెళ్లాక, గోడలు ఆరేదాకా మేమిద్దరం ఆ గదిలోనే కూర్చున్నాం.