తుంటి ఒత్తని పరుపు

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ, రాయపూర్.
14-11-1988.

అత్తయ్యగారికి మీ పెద్దకోడలు భ్రమరాంబ నమస్కరించి రాయునది.

ఇక్కడ మీ అబ్బాయి, నేను, పిల్లలు అందరం కులాసా. మీరూ, మరిది గురునాథం వాళ్ళూ కులాసా అని కార్డు చూసి తెలుసుకుని సంతోషించాం.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తున్నాను. మీ అబ్బాయి దగ్గు తగ్గింది. మీరు చెప్పిన కషాయం ముక్కు మూసుకుని తాగుతున్నారు, తాగాక నన్ను తిడుతున్నారు. ఆనపపాదు ఇంతవరకు పదకొండు కాయలు కాసింది. ఎవరెవరికి ఇచ్చానో మీరు అడుగుతారని రాసి ఉంచాను. కందిపప్పు గంట ముందు నానబెడితే ఇక్కడి నీళ్ళలో కూడా ఉడుకుతోంది.

ఇక నాలుగోది. రైలు కూతలకు రాయపూర్‌లో నిద్ర పట్టదనీ, మళ్ళీ రమ్మని రాయొద్దనీ రాయించారు. అత్తయ్యగారూ, చీపురుపల్లిలో మీ ఇల్లు స్టేషనుకి ఆనుకునే కదా ఉంది? ముప్ఫై ఏళ్ళుగా మెయిలు బండి కూతకి ఒత్తిగిలి కూడా ఎరగని మీరు మా షంటింగు ఇంజను కూతకి లేచి కూర్చున్నారంటే నేను నమ్మలేదు. వేసవిలో నెల ఉంటానని వచ్చి అయిదో రోజున వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మీ అబ్బాయి కంచం ముందు కూర్చుని, "అమ్మకి ఇక్కడ ఏటి తక్కువైందే?" అని అడిగారు. నేను మజ్జిగ వడ్డించాను. కానీ తక్కువైంది పక్కేనని నాకు తెలుసు. మిమ్మల్ని మళ్ళీ రప్పించుకోవాలంటే ముందు ఆ సంగతి తేలాలనుకున్నాను.

నా పద్ధతి మీకు తెలుసు కదా. దుకాణం వాడు చెప్పాడని పరుపు కొనడం నాకు ఇష్టం లేదు. ఒక్కో రకం మీద మూడేసి రోజులు పడుకుని చూడాలి. నోటుబుక్కులో గళ్ళు గీశాను. ఎంతసేపటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు ఒత్తిగిలారు, లేచాక నొప్పి ఎక్కడ అని. అయితే మూడు రోజులకి పరుపు ఎవరిస్తారు? మా కాలనీలో ఒక్క సందర్భంలోనే ఇస్తారు, ఊరి నుంచి చుట్టాలొస్తే. అప్పుడు అడగక్కర్లేదు కూడా, ఇరుగుపొరుగువాళ్ళే చుట్టి భుజాన వేసుకుని తెస్తారు. అందుకని ఒక అబద్ధం ఆడాను. మా అత్తయ్యగారు వచ్చారని చెప్పాను.

సాయంత్రానికల్లా పక్కింటి బంగారమ్మ తన స్పాంజి పరుపు తెచ్చింది. రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే గ్రేస్ కొబ్బరిపీచుకి రబ్బరు పట్టించి చేసిన పరుపు తెచ్చింది. "పెద్దావిడకి తుంటి నొప్పి అన్నారు కదా ఆంటీ. పక్కకి తిరిగి పడుకున్నాక నడుం కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి వదులుగా ఆడితే పరుపు మరీ గట్టి. అసలు దూరకపోతే మరీ మెత్తన. రాసుకుంటూ దూరితే అదే మంచిది" అని చెప్పింది. అది కూడా రాసుకున్నాను.

మీ అబ్బాయి ఇంకో అడుగు ముందుకేశారు. తను పనిచేసే రైల్వే వర్క్‌షాపులో గూడ్సు వ్యాగను అడుగుచట్రం వంగిందో లేదో ఈ చివర నుంచి ఆ చివరకి తాడు బిగించి చూస్తారట. అలాంటి తాడొకటి తెచ్చి, నేను స్పాంజి పరుపు మీద పక్కకి పడుకుంటే మెడ నుంచి వెన్ను వెంట పట్టారు.

"ఒలే, మధ్యలో దిగిపోనావు. ఈ బండి లోడుకి పనికిరాదు, రిపేరు లైనుకి పంపాల" అన్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఆయనవి మీ భుజాలే, మీ తుంటే. అందుకని నిద్రపోయే పని ఆయనకే అప్పగించాను. పెళ్ళయ్యాక నేను చెప్పిన ఏ పనీ ఆయన ఇంత ఇష్టంగా చేయలేదు.

మూడో రోజున అబద్ధం బయటపడింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఆయన మధ్యాహ్నం ముసుగు తన్ని పడుకున్నారు. బంగారమ్మ గిన్నెనిండా గారెలు పట్టుకుని వచ్చింది.

"పెద్దమ్మగోరేరీ? ఎప్పుడొచ్చినా తానం సేత్తన్నారంటావు. మూడు దినాల్నుంచీ తానమేనా?" అంటూ, నేను అడ్డుపడేలోగా గదిలోకి వెళ్ళి పాదాలు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "దీవించండి పెద్దమ్మా!"

ముసుగులోంచి, "టీ పెట్టవే" అని వినిపించింది. ముసుగు తొలగింది.

"బాప్ రే! పెద్దమ్మకి మీసాలొచ్చీసినాయి!"

"రాయపూర్ నీళ్ళు పడ్డాయి" అన్నారు ఈయన, లేవకుండానే.

బంగారమ్మ నేల మీద చతికిలబడి నవ్వింది. నేను సిగ్గుతో అంతా చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను గానీ, "ముందే సెప్తే నానే తొంగుందును గదే!" అంది. మర్నాటి నుంచి కాలనీ ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మా ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టారు. నా గళ్ళు చాలక ఇంకో పేజీ గీయాల్సి వచ్చింది. ఒకావిడ అయితే గుర్రుపెట్టి, సాయంత్రం నాలుగు దాటినా లేవలేదు.

చివరికి పీచు పరుపే నెగ్గింది. దాని మీద పల్చగా కొత్త దూది పొర వేస్తే భుజానికి, తుంటికి ఒత్తిడి లేదు. తాడు తిన్నగా నిలిచింది, గ్రేస్ చెప్పినట్టు చెయ్యి రాసుకుంటూ దూరింది. దేవేంద్ర నగర్ దుకాణంలో మీ అబ్బాయి మళ్ళీ తాడు తీస్తే, గద్దా, అంటే పరుపు, కొంటారా రైలు డబ్బా కొంటారా అని సేటు హిందీలో అడిగాడు. కొని తెచ్చి దక్షిణం కిటికీ పక్కన మీ మంచం మీద వేసి ఉంచాను. పిల్లల్ని ఎక్కనివ్వడం లేదు.

అత్తయ్యగారూ, ఇంకో సంగతి ఉంది. ఈ ఉత్తరం గురునాథమే చదివి వినిపిస్తాడని తెలిసే రాస్తున్నాను. బాబూ, ఇక్కడ దాటెయ్యకుండా చదువు.

వేసవిలో మీకు వేసిన దూదిపరుపు నేను స్వయంగా ఏకించి, దగ్గరుండి కూరించినది. ఆదివారం ఆదివారం ఎండలో వేసి దులిపేదాన్ని. దాని మీద నాకు చాలా గర్వం. మీరొచ్చిన మర్నాడు పక్క సర్దుతుంటే దుప్పటి కింద తుంటి ఆనేచోట మీ పాత చీర మడతపెట్టి ఉంది. నా పరుపుకి వంక పెట్టారనుకున్నాను. చీర తీసి బీరువాలో పెట్టేశాను. ఆ రాత్రి మీరు తువ్వాలు పెట్టుకున్నారు. పొద్దున్న అదీ తీసేశాను. మూడో రాత్రి మీరేమీ పెట్టుకోలేదు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. అయిదో రోజున రైలు కూతలన్నారు.

మొన్న ఆ పరుపు మీదే పక్కకి పడుకుని చూశాను. నడుం కింద చెయ్యంతా వదులుగా ఆడింది, తుంటి రాయి మీద ఆనినట్టుంది. గంటసేపు దొర్లి, లేచి తువ్వాలు మడిచి పెట్టుకుంటే గానీ కునుకు పట్టలేదు. లేచాక చాలాసేపు మంచం దిగలేకపోయాను. మీరు ఎంత నొప్పి ఓర్చుకుని నా పేరు కాపాడారో అప్పుడు తెలిసింది. మీ అబ్బాయికి నిన్ననే చెప్పాను. "అమ్మకి ఉత్తరం రాయి" అన్నారంతే. తప్పు నాది, క్షమించండి.

ఈ నెలాఖరున ఆయనకి రెండు రోజులు సెలవుంది, వచ్చి తీసుకొస్తారు. కాదనకండి. ఈ ఇంట్లో నాతో తెలుగులో సమంగా దెబ్బలాడే మనిషి మీరు తప్ప లేరు. నేను ఎన్ని గళ్ళు గీసినా అందులో మీ నడుం లేదు. కాబట్టి పరుపు నప్పకపోతే ఊరికి పోతాననకండి. పొద్దున్నే వంటింట్లోకొచ్చి, "భ్రమరా, బాగోలేదే" అని నా మొహం మీదే అనండి. ఆ మాట మీ నోట వినాలని ఉంది.

ఇట్లు,
మీరు తిట్టినా వదలని మీ పెద్దకోడలు,
భ్రమరాంబ.