ఆగిన పెళ్ళి గురించి ఆరోగ్యమ్మత్తకు

అల్ ఖోర్, గల్ఫ్ నుంచి

అత్తా, నీకు ఫోన్‌లో వినబడదని ఈ కార్డు రాస్తున్నాను. ఇక్కడ అందరం ఒంట్లో బాగానే ఉన్నాం.

మా అమ్మాయి ప్రతిమ పెళ్ళి ఆగిపోయింది. పెళ్ళికొడుకు క్లెమెంట్ వాళ్ళ తాతదీ మన ఊరేనని తెలిసి, మన ఊరి చర్చి విచారణ ఫాదర్‌గారు పాత జ్ఞానస్నానాల రిజిస్టర్లు తిరగేశారు. తర్వాత నాకు ఫోన్ చేసి, "ఇన్నయ్యా, క్లెమెంట్ నాన్నా నువ్వూ అన్నదమ్ముల బిడ్డలయ్యా. వాళ్ళ తాత మీ నాన్నకు సొంత తమ్ముడు. చిన్నప్పుడే దత్తత వెళ్ళడంతో ఇంటిపేరు మారింది" అన్నారు.

పిల్లలిద్దరిదీ అన్నాచెల్లెళ్ళ వరస. ప్రతిమ ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. ఇక్కడే ఐన్ ఖాలిద్‌లో ఉంటున్న క్లెమెంట్ ఫోన్ చేసి, అలవాటుగా "మామయ్యా" అని ఆగి, "బాబాయ్ అనాలేమో" అన్నాడు.

నీకు ఇంకో తమ్ముడున్నాడని ఒక్కసారైనా చెప్పలేదేం అత్తా? పెళ్ళికని పట్టించిన కారం ఇంట్లోకి వాడేసుకోండి. మోకాళ్ళకు నూనె రాస్తున్నావా?

ఆ తమ్ముడు, అదే క్లెమెంట్ తాత చిన్నప్పయ్య, నెల్లూరులో బతికే ఉన్నాడు. క్లెమెంట్ ఫోన్‌లో నీ పేరు చెప్పగానే, "అక్క ఉందా" అని ఏడ్చాడట. వచ్చే నెల నిన్ను చూడటానికి వస్తున్నాడు. మరియతల్లి మీ ఇద్దరికీ తోడుండాలి.

నీ మేనల్లుడు,
ఇన్నయ్య