కంచె లోపలి లెక్క

జూలై 9, మంగళవారం
మొక్కల సర్వే ఆఫీసు

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నువ్వూ మరదలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. ఐదేళ్ల తర్వాత ఇదేం ఉత్తరమని చించెయ్యకు. ముందు చదువు, తర్వాత చించు.

గుండీ పువ్వు పోయింది.

ఈ ఏటి లెక్క నిన్నటితో పూర్తయింది. వారంపాటు కంచె లోపల గుట్టంతా మోకాళ్ల మీద పాకాను. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా, లేచేటప్పుడు నాకంటే ముందు అవే అరుస్తాయి. గడ్డి నడుము దాకా ఉంది. అమ్మ మన తలల్లో పేలు చూసినట్టు పాయలు తీసి మరీ వెతికాను. ఒక్కటీ లేదు. నా పుస్తకాల్లో దానికి బారెడు పేరుంది. నీ చొక్కాకు ఊడిన గుండీ దొరికిందంటూ ఆ పువ్వు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, దానికి ఈ పేరు తెచ్చింది మాత్రం నువ్వు. ఈ గుట్ట మీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని మొక్క. కంచె వేసిన ఏడాది నాలుగు వందల పన్నెండు ఉండేవి. ఏటా అంకె పడిపోతుంటే, వానలు సరిగ్గా లేవని రాస్తూ వచ్చాను. ఇప్పుడు సున్నా చుట్టాను.

ఆ రోజు ఆఫీసు వరండాలో నువ్వన్నది పొల్లుపోకుండా గుర్తుంది. గొర్రెలు పైగడ్డి మేస్తేనే నేలకు అంటుకుని ఉండే ఆ బుల్లి మొక్కకు ఎండ తగులుతుందనీ, మందను ఆపేస్తే గడ్డే దాని పీక నొక్కేస్తుందనీ చెప్పావు. గొర్రెలు కాసేవాడివి, నువ్వా నాకు పాఠాలు చెప్పేది అన్నాను, అందరి ముందూ. నీ మంద పూలను తొక్కేస్తోందని ఫిర్యాదు రాసిందీ నేనే, కంచె గేటుకు తాళం వేసిందీ నేనే. మేత లేక మందను అమ్మేసి సిమెంటు గోదాములో బస్తాలు మోస్తున్నావని మరదలు ఫోన్లో ఏడ్చినప్పుడు కూడా, పువ్వు కోసం తప్పదులే అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

ఇంకో కబురు. పువ్వే లేని గుట్టకు కాపలా దేనికని మా పైఅధికారి అడిగాడు. కంకర క్వారీ వాళ్ల దరఖాస్తు రెండేళ్లుగా ఆయన బల్ల మీదే ఉంది. ఈ సున్నా చూపించి దాని మీద సంతకం పెట్టేస్తాడు. గడ్డి కింద విత్తనాలు మిగిలి ఉండొచ్చు, గేటు తీసి గొర్రెల్ని వదులుదాం, ఒక్క ఏడాది ఆగమని బతిమాలాను. ఎవరి గొర్రెలు అని అడిగాడు.

క్షమించమని అడగను. అడిగితే సరేలే అక్కా అనేస్తావు, నీ బుద్ధే అంత. అది వినే ధైర్యం నాకు లేదు. నడుం నొప్పి తగ్గకపోతే బస్తాల పని మానెయ్యి. ఇదీ పెత్తనమే అంటే, అనుకో.

నీ అక్క

తా.క. పైన రాసినదాంట్లో ఒకటి దాచాను. పోయినేడు కంచె బయట, నీ మంద నడిచి నడిచి గడ్డి మొలవకుండా గట్టిపడ్డ బాటలో పదిహేడు గుండీ పూలు పూశాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. రిజిస్టరులో రాయలేదు. రాస్తే నువ్వు చెప్పిందే నిజమని నా చేత్తో సంతకం పెట్టినట్టవుతుంది. రాసి ఉంటే ఆ బాటకూ కాపలా వచ్చేది, తమ్ముడూ. ఈ ఏడు అన్నిటికంటే ముందు అక్కడికే వెళ్లాను. కొలతలు తీసుకోవడానికి క్వారీ వాళ్ల లారీ ఆ బాటలోనే గుట్ట ఎక్కింది. చక్రాల గాడిలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి.