వీధివైపు కిటికీ

శుక్రవారం, రాత్రి

మనవరాలిది సింహరాశి కాబట్టి దాని గదికి బంగారు రంగు వేయించాలని కోడలు పట్టుబట్టింది. సరే అనుకున్నాను. కానీ ప్రొద్దుటూరు నుంచి వచ్చిన రంగులాయన వీధివైపు గోడను తట్టి, "ఈడ కిటికీ పెడితే పొద్దున్నే ఎండ పాప మొగాన పడ్తాది మామా. సింహరాశోళ్లకు శానా మంచిది" అన్నాడు. పాప యా పక్క తలపెట్టి పండుకుంటాదని కూడా అడిగాడు. రంగు వేసేవాడికి అదెందుకు?

మా వీధిలో ఎవరింటికీ ఇటువైపు కిటికీలు లేవు. ఫ్యాక్షన్ గొడవల్లో బాంబులు పడిన రోజుల్లోనే అందరూ మూసేశారు. పైగా మా అబ్బాయి ఇప్పుడు సర్పంచికి నిలబడ్డాడు.

నేను నోరు తెరిచేలోపే కోడలు ఒప్పుకుంది. సాయంత్రానికి మిగతా గోడలకు రంగు వేసి, వీధివైపు గోడ పగలగొట్టారు. కిటికీ తలుపులు రేపు తెస్తారట, ఇప్పటికి గోనెపట్ట కట్టి పోయారు.

అబ్బాయికి చెబితే నవ్వాడు. "కాలం మారింది నాయనా. ఇప్పుడెవురు బాంబులేస్తాండారు? నీకు ఈగ వాలినా అనుమానమే."

"ఆయప్పను ఎవురు పంపినారు?" అని అడిగాను. వాడికీ తెలియదు, కోడలికీ తెలియదు. అతనే వచ్చి పని అడిగాడట.

"తాతా, రేపు సూర్యుడు నా గదిలోకే వస్తాడంట" అంది మనవరాలు.

రంగు వాసన పడదని చెప్పి దాన్ని లోపలి గదిలో పడుకోబెట్టాను. అతను ఉత్త రంగులాయనే కావచ్చు. తెల్లవారేదాకా మాత్రం ఆ కిటికీ గదిలో దాని మంచం మీద నేనే ఉంటాను.