వదులు చేయించిన మట్టెలు

చెల్లీ,

ఈరోజు నీ తద్దినం. నీ దగ్గర పూలు పెట్టడానికి రాలేకపోయాను. నీ బిడ్డను వికారాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. నువ్వు కళ్లారా చూసుకోని ఆ పిల్లే ఇప్పుడు ఆరో నెల కడుపుతో ఉంది.

రక్తం హైదరాబాద్ పంపి పరీక్ష చేయించారు. కాన్పులో నిన్ను తీసుకుపోయిన ఆ బీపీ దీనికీ వచ్చేలా ఉందట. దాని జాడలు రక్తంలో అప్పుడే కనిపిస్తున్నాయట.

"రాకుండ మందు లేదా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను.

"ఇప్పుడైతే లేదు. ముందుగాల తెలిసింది, గంతే. కనిపెట్టుకొని ఉండాలె," అంది.

మనకు అప్పుడు అదీ తెలియలేదు. నీ కాళ్లు ఉబ్బితే కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అనుకున్నాను. తాండూరులో ఔసలి దగ్గర కూర్చోబెట్టి నీ మట్టెలు వదులు చేయించాను. దవాఖాన ముందు నుంచే నడిపించుకుపోయాను, లోపలికి మాత్రం తీసుకెళ్లలేదు.

పెళ్లికి అవే మట్టెలు కావాలని పట్టుబట్టింది నీ బిడ్డ. జారిపోతుంటే దారం చుట్టుకుని తొడుక్కుంది.

ఇందాక బస్సులో వంగి కాళ్లు చూసుకుంటూ అంది:

"పెద్దమ్మా, దారం ఎప్పుడో తీసేసిన. అయినా బిగుసుకుంటున్నయ్."