ఈల మానిన కారు

హిందూపురం, ఆదివారం రాత్రి, 2006

ఇది రాయకుండా పడుకుందామనే అనుకున్నాను. ధర్మవరం నుంచి వస్తుంటే, పెనుకొండ దగ్గర ఎత్తులో మా చిన్న కారు నల్లపొగ కక్కి, లాగలేక చతికిలబడింది.

"ఈల యినపడ్లేదే!" అంది నా భార్య. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో కూతను ఆమె ఈల అంటుంది.

"టర్బోనే పోయింటే బండి అమ్మేయాల్సిందే," అన్నాను.

"దాని ముందరే అనొద్దు!"

పెనుకొండ నుంచి పిలిపించిన మెకానిక్ బానెట్ ఎత్తి చూసి నవ్వాడు. "టర్బో బాగుండాది పెద్దాయనా. గాలి పైపు చీలింది, అంతే. ఇంటికి పోతానే ఇంజిన్ ఆపొద్దు, టర్బోను రొంతసేపు సల్లబడనీ."

రొప్పే ఎద్దుకు వెంటనే నీళ్లు పెట్టొద్దని మా నాయన అనేవాడు. ఆయన ఎద్దులు ఈల వేసేవి కావు, అది వేరే సంగతి.

పైపు మార్చాక ఈల మళ్లీ వినిపించింది. ఇంటి ముందు ఇంజిన్ ఆపకుండా కాసేపు కూర్చున్నాను. ఆమె కూడా దిగలేదు.