వదులు చేసిన నట్టు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేము క్షేమం అని రాయడం ఆనవాయితీ కనుక రాశాను. ఆ మాట పరిధిలోకి ఏమేమి వస్తాయో ఉత్తరం ఆసాంతం చదివి నువ్వే నిర్ణయించుకో. మా చెల్లెమ్మ మోకాలినొప్పి తగ్గిందని తెలిసి సంతోషించడమైనది.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు వరుసగా జవాబిస్తున్నాను. నవ్వకు. ఉద్యోగమంతా అర్జీలకు సమాధానాలు రాసిన గుమాస్తాకి బావమరిది కూడా అర్జీదారుగానే కనిపిస్తాడు.

అక్క నన్ను గుర్తుపడుతోందా అని అడిగావు. నీ ఫొటోను ఆమె సముఖానికి సమర్పించాను. "ఎవరండీ ఈ పెద్దమనిషి? నిలబెట్టారేం, కూర్చోమనండి" అంది. నిరాశపడవద్దు. ఆ సాయంత్రమే షెడ్డులో పికప్పు వెనక తలుపు మీది సొట్టను తడిమి, "మా చిట్టిగాడు గోడకి గుద్దేశాడండీ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు, వాణ్ణేమీ అనకండి" అని నన్ను హెచ్చరించింది. కాబట్టి నువ్వు రికార్డుల్లో ఉన్నావు. ఫొటోలో కాదు, సొట్టలో.

బండి బేరం ఏమైందన్నది నీ రెండో ప్రశ్న. నువ్వు పంపిన కోళ్ల వ్యాపారి వచ్చాడు. అద్దం దించాలంటే చేత్తో తిప్పాల్సిన బండి, చల్లగాలి లేదు, పాట లేదు, ఎందుకయ్యా నీకిది అని అడిగాను.

"అందుకేనండీ బాబూ! నా కొత్తబండిలో తెర మీద ఓ ఎర్రబొమ్మ వెలుగుతుంది. దానర్థం షోరూము వాడికి తప్ప దేవుడికి కూడా తెలీదు. ఇదైతే దాని జబ్బు అదే చెప్తుంది. వినే చెవీ, చేతిలో పానా ఉంటే చాలు."

అచ్చం మీ అక్కలాగే మాట్లాడాడు. ఈ ఊళ్లో సగం కాపురాల బీరువాలనూ మంచాలనూ ఆ డీజిలు బండిలోనే ఇల్లు మార్చింది కదా. ఒక్క నిలువుటద్దమైనా పగిలినట్టు ఫిర్యాదు లేదు. ఆ వ్యాపారికి టీ ఇచ్చి, విషయం పరిశీలనలో ఉందని చెప్పి పంపేశాను. నీకు కోపం రావడం సహజం.

ఇక నీ మూడో ప్రశ్న. డాక్టరు చెప్పినట్టు తాళంచెవి దాచేశావా బావా, అక్క బండి తీయడం లేదు కదా, అన్నావు. దీనికి జవాబు ఇంతకాలం దాటవేశాను. ఇప్పుడు చెబుతాను.

దాచాను. ఇల్లంతా వెతికింది. పరుపులు తిరగేసింది. చివరికి గడప మీద కూర్చుని, "నా చెయ్యి ఎక్కడో పెట్టి మరిచిపోయానండీ" అని ఏడ్చింది. తాళంచెవి అని కాదు, చెయ్యి అనే అంది. వెంటనే తెచ్చి ఇచ్చేశాను.

కానీ డాక్టరు ఆదేశం అమల్లోనే ఉంది. అందుకని బండినే శాశ్వతంగా పాడుచేయాలని నిర్ణయించి, ఆమె వంటింట్లో ఉండగా బానెట్ ఎత్తి, కంటికి కనిపించిన మొదటి నట్టును పానాతో వదులు చేశాను. బండి జన్మలో కదలదనుకున్నాను. ఇంజన్ల విషయంలో నా పాండిత్యం నీకు తెలియనిది కాదు.

మర్నాడు తాళం తిప్పింది. పలకలేదు. చెవి ఒగ్గి విన్నది. "ఏమండీ, గొట్టంలో గాలి పట్టింది. పక్కకి జరగండి, చొక్కా పాడైపోతుంది" అంటూ డీజిలు గొట్టం నట్టు బిగించి, ఫిల్టరు మీది మర కాస్త తిప్పి, చేతిపంపు కొట్టింది. బుడగలు వచ్చాయి, ఆగాయి, తేటగా డీజిలు వచ్చింది. మర బిగించింది. బండి గర్జించింది. ఆ ముహూర్తాన ఆమె మొహం చూశానోయ్. మన పాత మనిషి. ఇంజను ఆపి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. తుడుచుకునేలోగా ప్రయాణం సంగతే మరిచిపోయింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం నేను నట్టు వదులు చేస్తున్నాను. రోజూ ఉదయం ఆమె బాగుచేస్తోంది. "ఎవడో వెధవ ఇది వదులు చేస్తున్నాడండీ, దొరికితే చెయ్యి విరుస్తా" అంది ఒకరోజు. సమగ్ర విచారణ జరిపిస్తానని హామీ ఇచ్చాను. బండి అమ్మకపోవడానికి ఇదీ కారణం. అది బండి కాదు, మీ అక్క ఇంకా ఇంట్లో ఉండే గది.

నిన్న ఉదయం బండి పలకలేదు. పానా తీసుకుంది. ఎవరి గొడుగో పొరపాటున తన చేతికొచ్చినట్టు దానివైపు చూసింది. నాకు అందించి, "అయ్యా, మీరే చూడండి. నాకీ పనులు రావు" అంది.

ఏమండీ అనలేదు.

నట్టు బిగించాను. మర తిప్పాను. పంపు కొట్టాను. బుడగలు పోయేదాకా ఆగి మర బిగించి తాళం తిప్పాను. మొదటిసారికే అందుకుంది. ఆమె తల పక్కకి వాల్చి విన్నది.

"భలే పట్టేశారే! ఎవరు నేర్పారండీ?"

"మా ఆవిడ."

"గట్టి మనిషే" అంది. "ఓసారి తీసుకురండి, చూస్తాను."

తీసుకొస్తానన్నాను.

నిన్న సాయంత్రం అలవాటు చొప్పున పానా పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. బానెట్ ఎత్తాను. నట్టు బిగువుగానే ఉంది. అలాగే ఉంచి వచ్చేశాను.

కోళ్ల వ్యాపారిని రమ్మను. ఒకే ఒక్క షరతు. ఆ సొట్ట మాత్రం తీయించవద్దని చెప్పు.

ఇట్లు,
మీ అక్క చేతికింద పని నేర్చుకున్న
నీ బావ